ఎర్రగుడ్డ కింద కాలువ

వాళ్ల పంచాంగంలో ఏడో నెల వచ్చిందంటే ఆ ఆసుపత్రి సగం ఖాళీ అయిపోతుంది. జబ్బులు తగ్గి కాదు. పాతాళం తలుపులు తెరుచుకునే నెలలో ఆపరేషను కత్తి కిందికి వెళ్లడానికి తైనాన్ పల్లెల్లో బుద్ధి ఉన్నవాడెవడూ ఒప్పుకోడు. పిత్తాశయంలో రాళ్లున్నా, కంట్లో పొర కమ్మినా, ‘ఎనిమిదో నెలలో చూద్దాం లెండి డాక్టరుగారూ’ అని నవ్వేసి ఇంటికి పోతారు. మిగిలేది ఆగలేనివాళ్లు: స్కూటరు మీంచి పడ్డవాళ్లు, అపెండిక్సు పగిలినవాళ్లు, తుంటి విరిగిన ముసలివాళ్లు. ఐదో అంతస్తు వార్డులో మంచాలన్నీ తెల్లదుప్పట్లు కప్పుకుని వరసగా పడి ఉంటాయి, ఖాళీగా. ఖాళీ అని మీరూ నేనూ అనుకోవాలి. అమ్వా అనుకోదు.

అమ్వా ఆ వార్డులో రోగుల దగ్గర కనిపెట్టుకుని ఉండే ఆయా. ఆసుపత్రి మనిషి కాదు. రోగి తాలూకు వాళ్లు రోజుకింతని మాట్లాడుకుంటే మంచం పక్కన మడతకుర్చీ వాల్చుకుని, తినిపించి, తుడిచి, పక్కకి ఒత్తిగిల్లించి, రోగి నిద్రపోతే తానూ కునుకు తీసే మనిషి. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే విసిగిన తండ్రి, ఇక నిండింది చాలు అని దేవుడికి తెలిసేలా ఆ పేరు పెట్టాడు. దేవుడు వినిపించుకోలేదు, ఆమె తరవాత ఇంకో ఇద్దరు ఆడపిల్లల్నే పంపాడు. అందుకే కాబోలు, తన మాట ఎవరైనా వినిపించుకోకపోతే అమ్వాకి ఒళ్లు మండుతుంది. వినిపించుకునేదాకా చెబుతూనే ఉంటుంది. ఇంకొంచెం పెంచి చెబుతుంది.

ఖాళీ గదిలోకి వెళ్లేముందు తలుపు తట్టి, “సర్దుకోండమ్మా, దుప్పటి తీసుకుని పోతా” అంటుంది. ఆ ఆసుపత్రి లిఫ్టులో మూడు మీట తరవాత ఐదు మీటే ఉంటుంది, వాళ్ల భాషలో నాలుగంటే చావులా వినిపిస్తుంది కనక. కానీ తాను ఒకసారి ఆ లేని నాలుగో అంతస్తులో దిగాననీ, అక్కడ కూడా తనలాంటి ఆయా ఒకామె కుర్చీలో కూర్చుని పుచ్చగింజలు కొరుకుతూ ‘ఇంకా నీ వంతు రాలేదు, పైకి పో’ అని కసిరిందనీ అమ్వా చెబుతుంది. ఒక ఏడు కొత్త నర్సులకి చెప్పినప్పుడు ఆవిడ ఆ పుచ్చగింజల్లో తనకీ గుప్పెడు పెట్టింది. మరుసటి ఏడు చెప్పినప్పుడు ఆ గుప్పెడు ఇంటికొచ్చి చూస్తే బూడిదైంది. ఆ పైఏడు వింటే అవి మొలకెత్తినా నేను ఆశ్చర్యపోను.

ఆమెకి గొప్ప ఒక్కటే. ఏడో నెలలో తన చేతిలోంచి ఒక్క ప్రాణమూ పోలేదు.

“మంచి అన్నలు వస్తారు” అనేది. ఆ నెలలో దయ్యం అనే మాట ఎవరూ నోట అనరు, మంచి అన్నలనే అంటారు. “వస్తారు, మంచం దాకా వస్తారు. పక్కన కూర్చున్న నన్ను చూస్తారు. అబ్బే, ఈవిడతో మనం పడలేం అనుకుని పక్క వార్డుకి పోతారు.”

థియామ్ అనే ముసలాయన అలాంటి నెలలోనే వచ్చాడు. జీవితమంతా కాలువ లస్కరుగా పనిచేసినవాడు. వరి మళ్లకి వంతులవారీగా నీళ్లు వదలడం, తూము తలుపు ఎత్తడం, దించడం, తలుపుకి అడ్డం పడ్డ గుర్రపుడెక్క లాగి గట్టున పోయడం. పని మానేసి ఎన్నేళ్లయినా పొద్దున్నే సైకిలేసుకుని తూము చూడందే గంజి తాగడు. తుపాను వస్తోందని రేడియోలో విని, కొత్త లస్కరుకి చేతకాదని తానే వెళ్లి, తూము మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను చేసి ఇనపకడ్డీ వేశారు. కదలకూడదు కనక ఉచ్చకి పైపు వేసి, మంచం అంచుకి బ్యాగు తగిలించారు. నోట్లో వక్క లేదని తప్ప ఆయనకి ఏ ఫిర్యాదూ లేదు.

“ఏయ్ పిల్లా, ఒక్క వక్క. బుగ్గన పెట్టుకుని ఊరుకుంటా, నమలను” అనేవాడు అరవై దాటిన అమ్వాని.

“పళ్లు ఎక్కడున్నాయి పెదనాన్నా నమలడానికి? నిన్న గ్లాసులో పెట్టి నువ్వే మర్చిపోయావు.”

తుపాను వచ్చే రోజు పొద్దున ఆకాశం పసుపు రంగుకి తిరిగింది. గాలి లేదు. కిటికీ అవతల చెరకు తోట ఊపిరి బిగబట్టినట్టు నిలబడి ఉంది. నర్సు యిన్‌రూ వచ్చి బ్యాగులోది పారబోసి, ఎంతొచ్చిందో రాసుకుని, మళ్లీ తగిలించింది. చిన్నపిల్ల, రెండు వార్డులకీ తానొక్కతే. తుపానని సగంమంది రాలేదు.

“పిన్నీ, బ్యాగు ఎప్పుడూ కడుపు కంటే కిందే ఉండాలి. నేలకి తగలకూడదు. పైపు మడతపడకూడదు, ఒంటికింద నలగకూడదు. మధ్యమధ్యన చూస్తుండు, నిండుతూ ఉండాలి. ఆగిపోయినా, ఎర్రగా వచ్చినా, మురుగ్గా వచ్చినా, తాతకి కింద నొప్పన్నా, చలన్నా నన్ను పిలువు.”

“నువ్వు పాలసీసా పట్టుకుని తిరిగినప్పటినుంచీ ఈ బ్యాగులు చూస్తున్నానమ్మాయ్. నాకే చెప్తున్నావా?”

“నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను? ఈ వార్డులో ఇంకెవరున్నారు?”

“అలా గట్టిగా అనకు” అంది అమ్వా, ఖాళీ మంచాల వైపు ఒకసారి చూసి.

యిన్‌రూ వెళ్లాక అమ్వా కుర్చీలో కూర్చుని ఆ బ్యాగుని చూసింది. అది తలుపు వైపు వేలాడుతోంది. ముసలాయన ఒంట్లోని నీరు చుక్కచుక్కగా తలుపు వైపు పోతోంది. మామూలు నెలైతే ఆమె పట్టించుకునేది కాదు. నీళ్లు గుమ్మం వైపు పారితే ఇంట్లో కలిమి పోతుందంటారు కదా, ఇక మనిషి ఒంట్లోంచి పారితే ఏం పోతుంది? పైగా వరండాలో దాహంతో తిరిగేవాళ్లున్న నెల. తలుపు పక్కనే వెచ్చగా, పచ్చగా, ఎవరికోసమో పెట్టినట్టు వేలాడుతోంది.

ఆమె లేచి బ్యాగు తీసి మంచం అవతలికి, కిటికీ వైపుకి మార్చింది. కడుపు కిందే తగిలించింది, నేలకి తగలకుండానే తగిలించింది. చెప్పిందల్లా చేశానని అనుకుంది కూడా. పైపు మాత్రం అవతలికి అందడానికి ముసలాయన తొడ కిందినుంచి, కాళ్ల మధ్య పెట్టిన దిండు కిందినుంచి దూరి పోవాల్సి వచ్చింది. ఆ పైన తన సంచిలోంచి గుడి నుంచి తెచ్చిన ఎర్రగుడ్డ తీసి బ్యాగుకి చుట్టింది. ఇక ఎవరి కంటా పడదు.

ఎవరి కంటా పడలేదు. ఆమె కంట కూడా.

మధ్యాహ్నానికి గాలి మొదలైంది. కిటికీ అద్దాలు గుయ్యిమంటున్నాయి. ముసలాయన కూతురు పెక్‌హా, బజారులో చేపలమ్మే ఆవిడ, అల్లం వేసిన చేప సూపు డబ్బాలో తెచ్చి తాగించింది. చేతికి సెలైన్ కూడా ఎక్కుతోంది. ఆయన తాగుతూ తాగుతూ ఆగి, గది మూలకి చూశాడు.

“హోకూ, అక్కడ నిలబడ్డావేంరా? బట్టలన్నీ తడిసిపోయాయి.”

పెక్‌హా చేతిలో చెంచా ఆగిపోయింది. హోక్ ఆయన తమ్ముడు. ఆమె పుట్టకముందే ఒక తుపానులో, తూముకి అడ్డంపడ్డ గుర్రపుడెక్క తీయబోయి తలుపు కిందికి కొట్టుకుపోయినవాడు. రెండు ఊళ్ల అవతల తేలాడు.

“ఎవరు నాన్నా? ఎవరున్నారక్కడ?”

“మీ బాబాయే. మాట్లాడడు. చెయ్యి చూపిస్తాడంతే.”

అమ్వా మూలకి చూసింది. అక్కడ సెలైన్ స్టాండు తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్లూ తాను చెప్పిన కథలన్నింటిలోనూ మంచి అన్నలు ఆమెకి కనిపించారు, పలకరించారు, గింజలు పెట్టారు. ఇప్పుడు నిజంగా ఒకడొచ్చి మూల నిలబడితే ఆమెకి ఏమీ కనిపించలేదు. అది అన్నింటికంటే భయంగా ఉంది.

అప్పటినుంచి ఆయన కుదురుగా ఉండలేదు. దుప్పటి పీకాడు. చేతులు గాలిలో ఏదో చక్రం తిప్పుతున్నట్టు తిప్పాడు. నుదుటి మీద చెమట, చల్లటి చెమట, తుడిచినకొద్దీ పట్టింది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

“నీళ్లు ఎక్కువయ్యాయి. గట్టు నానిపోయింది. తూమెత్తండి. ఒరేయ్, ఎవడ్రా దించింది? గండి పడుతుంది, గండి పడుతుంది!”

యిన్‌రూ పరుగెత్తుకొచ్చి జ్వరం చూసింది, బీపీ చూసింది. బీపీ పెరిగింది. ముసలివాళ్లకి ఆపరేషన్ తరవాత ఇలా మతి చెదరడం ఉంటుందని, డాక్టరు ఇంకో కేసులో ఉన్నాడని, రాగానే చూస్తాడని చెప్పింది. వెళ్లబోతూ తలుపు వైపు మంచం అంచు చూసి, “బ్యాగేది?” అంది.

“అవతల పెట్టా.”

“వస్తోందా?”

“ఎందుకు రాదు? కాలువలా వస్తోంది” అంది అమ్వా. అబద్ధమని ఆమె అనుకోలేదు. గుడ్డ విప్పితే మూలనున్నవాడు చూస్తాడని అనుకుందంతే.

పక్క వార్డులో గంట మోగింది. యిన్‌రూ పరుగెత్తింది. కాసేపటికి ఆమె గొంతు వరండాలోంచి వినిపించింది: “ఈ గదిలో ఎవరూ లేరు కదా, గంటెవరు కొట్టారు?” తుపాను గాలికి వైర్లు తడిసి అలా మోగుతాయని తరవాత ఎలక్ట్రీషియన్ అన్నాడు. ఆ మాట మాత్రం అమ్వా తన కథలో ఎప్పుడూ కలపలేదు.

పెక్‌హా పక్క సర్దబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“అక్కా, పక్కంతా తడి!”

దుప్పటి కింద, ముసలాయన తొడల దగ్గర తడి. మంచం పట్టీ మీంచి నేల మీదికి చుక్కలు పడుతున్నాయి. టప్, టప్. పైపు ఉన్న మనిషికి పక్క తడవడమేమిటి? చుక్కలు మూల వైపు పాకుతున్నాయి. అక్కడ నేల కొంచెం పల్లం, అంతే. కానీ ఆ మసక పసుపు వెలుగులో, ఎవరో తడిబట్టలతో మంచం దాకా వచ్చి, వంగి చూసి, మళ్లీ మూలకి వెళ్లి నిలబడ్డట్టుంది.

ఇక పెక్‌హా ఆగలేదు. ఇంటికి, అన్నయ్యకి ఫోను చేసింది.

“బాబాయ్ తీసుకుపోవడానికొచ్చాడన్నయ్యా. నాన్న ఆయనతోనే మాట్లాడుతున్నాడు. ఊపిరుండగానే ఇంటికి తెచ్చేద్దాం. ఇక్కడ పోతే ఈ వరండాల్లో తిరుగుతూ ఉండిపోతాడు, దారి తెలీక… అవును… నడవ ఖాళీ చెయ్యి. బెంచీలు వేసి చెక్క పరువు. దేవుళ్ల ముందు ఎర్రకాగితం కట్టు. వాళ్లు చావు చూడకూడదు కదా… అంబులెన్స్ నేను పిలుస్తా.”

అది అక్కడి పద్ధతి. చివరి ఊపిరి పూర్వీకుల ముందు, సొంత నడవలో వదలాలి. అంబులెన్సువాళ్లకి కూడా తెలుసు, ఎందుకని అడగరు. గాలి తగ్గగానే బయల్దేరతామన్నారు. ఇంటి దగ్గర కొడుకు దేవుళ్ల ముఖాలకి అడ్డంగా ఎర్రకాగితం కడుతూ ఉండి ఉంటాడు.

యిన్‌రూ వచ్చి తలుపుకి అడ్డం నిలబడినంత పనిచేసింది. “డాక్టరు చూడకుండా ఎలా తీసుకుపోతావక్కా? కాసేపాగు!”

“కాసేపట్లో మా నాన్న పోతే? నీకు తెలీదమ్మాయ్. చచ్చినవాళ్లతో మాట్లాడటం మొదలెట్టాక ఎవరూ వెనక్కి రాలేదు.”

ఏడో నెలలో అమ్వా చేతిలోంచి పోతున్న మొదటి ప్రాణం. ఇంటికి తీసుకుపోయే మనిషిని శుభ్రంగా పంపాలి కనక, బేసిన్‌లో వేడినీళ్లు తెచ్చి, ముఖం తుడిచి, మెడ తుడిచి, చొక్కా పైకి తీసి పొట్ట మీద గుడ్డ పెట్టింది.

ముసలాయన కేకకి కిటికీ అద్దాలు అదిరాయి. అమ్వా మణికట్టు పట్టుకున్నాడు. తూము చక్రాలు తిప్పిన చేతులు, ఎముక నొక్కుకుపోయేట్టు పట్టుకున్నాడు. కళ్లు సూటిగా ఆమె కళ్లలోకి చూస్తున్నాయి.

“నువ్వేనా దించింది? పైకాలువ పొర్లిపోతోంది. కింది కాలువ ఎండిపోయింది. కింద చూశావా? చూడకుండా లస్కరు పని ఎవడిచ్చాడు నీకు?”

గుడ్డ కింద ఆమె చేతికి పొట్ట తగులుతోంది. బొడ్డు కింద, బాగా కింద, గుండ్రంగా, పండిన పుచ్చకాయలా గట్టిగా బిగిసి ఉంది. పొద్దున తుడిచినప్పుడు అక్కడ ముసలి చర్మం మడతలు తప్ప ఏమీ లేదు.

కింద చూశావా?

ఆమె చెయ్యి విడిపించుకుని మంచం చుట్టూ కిటికీ వైపుకి పరుగెత్తింది. ఎర్రగుడ్డ లాగేసింది. బ్యాగు చదునుగా, మడతపెట్టిన కాగితం సంచిలా వేలాడుతోంది. అడుగున ఒక మూల ముదురు చుక్క, అంతే. కింది కాలువ ఎండిపోయింది.

“అమ్మాయ్! అమ్మాయ్, రావే! బ్యాగులో ఏమీ లేదు!”

యిన్‌రూ ఒక్క దూకులో మంచం దగ్గరికొచ్చింది. దుప్పటి పూర్తిగా తీసేసి పైపు వెంట చెయ్యి పోనిస్తూ పోయి, తొడ కిందా దిండు కిందా నలిగి చప్పిడైపోయిన చోట ఆగింది. ఒక్క క్షణం అమ్వాని చూసింది. అమ్వా, పెక్‌హా కలిసి ఆయన కాలు తుంటి కదలకుండా పైకెత్తి పట్టుకుంటే, పైపు బయటికి లాగి తిన్నగా చేసింది. రెండు చుక్కలు జారాయి. మళ్లీ ఆగింది.

“పొద్దుట్నించీ నిలవుండి లోపల గడ్డ అడ్డం పడ్డట్టుంది. పైపు పక్కనుంచి కారిందంటే మరి, లోపల దారిలేకే. నేనప్పుడే చూసుకోవాల్సింది. నువ్వు చెప్పావు, నేను వినేశాను” అంటూనే ఫోను తీసి డాక్టరుని కేకేసింది.

పెక్‌హాకి ఏమీ అర్థం కాలేదు. “ఏమైంది? బాబాయేం చేశాడు?”

“మీ బాబాయ్ ఏమీ చెయ్యలేదక్కా. మీ నాన్న ఉచ్చ ఆగిపోయింది. ఇలా ఆగితే పెద్దవాళ్లకి మతి ఉండదు. అలాగే వదిలేస్తే కిడ్నీలు పోతాయి, విషం ఒంటికెక్కుతుంది.”

వార్డు డాక్టరు ఆపరేషన్ చెప్పులతోనే వచ్చాడు. పాత పైపు తీసి చూపించాడు. కొసన నెత్తుటి గడ్డ, జామకాయ గుజ్జులా. కొత్తది వేశాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తరవాత పైపులో ముదురు రంగు నీరు పరుగెత్తుకొచ్చింది. మబ్బుగా, ఘాటు వాసనతో. ఆడవాళ్లు ముగ్గురూ ముక్కులు మూసుకోకుండా నిలబడి దాన్నే చూశారు. బ్యాగు అడుగు నిండింది, సగం నిండింది, ఇంకా వస్తోంది.

ముసలాయన చేతులు చక్రం తిప్పడం ఆపేశాయి. వేళ్లు దుప్పటి మీద పరుచుకున్నాయి. “ఆఁ… ఎత్తారు” అన్నాడు, ఎవరితోనో పని ముగించినట్టు, తృప్తిగా.

పెక్‌హా ఫోను మోగింది. అన్నయ్య గొంతు గదంతా వినిపించింది.

“దేవుళ్లకి కట్టేశా. చెక్క పరిచా. బయల్దేరారా? నాన్నెలా ఉన్నాడు?”

పెక్‌హా బ్యాగు వైపు చూసింది. “ఉచ్చపోస్తున్నాడు” అంది.

“ఏంటీ?”

“ఉచ్చ. పోస్తున్నాడన్నయ్యా. ఇంకా పోస్తూనే ఉన్నాడు” అని నేల మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ నవ్వింది. అవతలినుంచి అన్నయ్య, “మరి కాగితం తీసెయ్యనా?” అన్నాడు.

అంతటితో అయిపోలేదు. సాయంత్రానికి ముసలాయన మంచం అదిరేలా వణికాడు, జ్వరం కొట్టింది. అడ్డంపడిన చోట సూక్ష్మక్రిములు చేరాయని ఉచ్చ పరీక్షకి పంపి, సెలైన్‌లో మందులు మొదలెట్టారు. అమ్వా ఆయన పక్కనుంచి కదల్లేదు. గుడ్డ లేదు. బ్యాగు మళ్లీ తలుపు వైపే, పైపు కాలి మీంచి, అందరికీ కనబడేట్టు. తలుపు వైపు పోతున్న ఆ నీటిని చూస్తే ఆమెకి భయమేసేది. ఆగితే ఇంకా భయమేసేది. భయపడుతూనే చూస్తూ కూర్చుంది. తుపాను దాటిపోయింది, జ్వరం దిగింది, ముసలాయన మళ్లీ వక్క అడిగాడు.

ఇంటికి వెళ్లే రోజు చక్రాల కుర్చీలో కూర్చుని, పెక్‌హా మందులు తీసుకురావడానికి వెళ్లినప్పుడు, ఆయన అమ్వాని దగ్గరికి పిలిచాడు.

“పిల్లా, ఆరోజు నేనేం వాగానో నాకు గుర్తులేదు. మావాడు రావడం ఒక్కటి గుర్తుంది.”

“తీసుకుపోవడానికొచ్చాడు పెదనాన్నా. నేను పోనివ్వలేదు.”

“తీసుకుపోవడానికా?” ముసలాయన బోసినోటితో నవ్వాడు. “వాడు ఎవర్ని తీసుకుపోతాడు, పిచ్చివాడు. వచ్చినప్పటినుంచీ చెయ్యి చూపిస్తూనే ఉన్నాడు. ఆ మూలనుంచి, అదిగో, మంచం అవతలికి. ఎర్రగుడ్డ వైపు. మీరే ఎవరూ చూడలేదు.”

అమ్వా మూలకి చూసింది. సెలైన్ స్టాండు. ఈసారీ ఆమెకి ఏమీ కనిపించలేదు. చేతిలో సంచీ బిగించి పట్టుకుని, మెల్లిగా ఆ మూల వైపు తల వంచింది.

ఇప్పుడు ఆ కథ ఆమె నోట ఎలా పెరిగిందో మీరు ఊహించగలరు. మూల నిలబడినవాడు కడవల కొద్దీ నీళ్లు కారుస్తాడు, వార్డంతా చీలమండల దాకా మునుగుతుంది, వాడే తడిచేత్తో పైపు నొక్కి పట్టుకుంటాడు, అమ్వా వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తుంది. కొత్త నర్సులు కాళ్లు పైకి ముడుచుకుని వింటారు. యిన్‌రూ ఇప్పుడు వార్డు పెద్ద. వరండాలోంచి వింటూ, “వేళ్లు విడదీశావా పిన్నీ? పోయినేడు కొరికానన్నావే!” అంటుంది.

“కొరికే విడదీశానమ్మాయ్, విను” అంటుంది అమ్వా.

అలా చెబుతున్నంతసేపూ ఆమె కుడిచెయ్యి కథలో ఉండదు. రోగి దుప్పటి కింద, మోకాలి పక్కనుంచి పైపు వెంట జారుకుంటూ పోతుంది. ఎక్కడా నలగలేదని చూసుకుంటుంది. బొడ్డు కింద ఒకసారి ఆనించి చూస్తుంది. ఆ తరవాత బ్యాగు అడుగు పట్టుకుని, వెచ్చగా బరువుగా ఉందని తేల్చుకుని, అప్పుడు తీరిగ్గా కథలోని ఆ తడిచేతి వేళ్ల దగ్గరికి తిరిగొస్తుంది.